రెండో గేరు

రేణిగుంట రోడ్డు షోరూంలో
ముక్కుకు ఎర్ర రిబ్బను కట్టుకుని
ఎవరింటి గృహప్రవేశానికో వచ్చినట్టు నిలబడింది బుల్లి కారు.
తలుపు మూస్తే టప్పని ఒకటే మాట.
లోపల ఇంకా ఎవరూ ఊపిరి వదలని వాసన.

సేల్స్ కుర్రోడు హేమాద్రి
లీటరుకు ఇరవై రెండంటాడు,
నెలకు తొమ్మిదివేల మూడొందలే అంటాడు.
ఆ 'లే' సాగినంత సేపట్లో
అరవై నెలలు లెక్కబెట్టుకుంటాను.

నా లెక్కలు వేరే సామీ.
తెల్లారి అయిదున్నరకి బైరాగిపట్టెడలో మొదటి సూది,
ఏడులోపల కొర్లగుంట, ఆపైన తిరుచానూరు దాకా
పరగడుపున కూర్చున్న ముసలి చేతులు.
ఇంటికొచ్చి రక్తం తీస్తే నూటయాభై.
స్కూటీ మీద ఐసు పెట్టె కాళ్ళ మధ్య ఇరికించుకుని
రెండు కార్తీకాల తుపాన్లు దాటినాను.
మూడోదానికి కపిలతీర్థం రోడ్డులో మోకాటి నీళ్ళు.
మూతూడి, పదకొండు గొట్టాలు, పదకొండు పేర్లు
కళ్ళముందే కొట్టకపోయినాయి.
మళ్ళీ పదకొండు గడపలెక్కి
"ఇంకోసారి చెయ్యి చాపమ్మా" అన్నాను.
కారు మాట ఆ పొద్దు పుట్టింది.

"ఈ పెట్టె వెనకసీట్లో పెట్టి ఒక రౌండు పోయొద్దామా?"
హేమాద్రి నవ్వినాడు.
"సీటు తడుస్తాది మేడమ్, డెమో బండి."

కరకంబాడి రోడ్డులో, టార్పాలిన్ నీడన
అదే కారు, ఎనిమిదేళ్ళ కిందటిది.
ఏపీ సున్నా మూడు. వెండి రంగు.
ధర సగానికి కొంచెం కింద.
"సింగిల్ ఓనరు. పళ్ళ డాక్టరు.
ఇంటి నుంచి క్లినిక్కు, క్లినిక్కు నుంచి ఇల్లు, అంతేనక్కా"
అన్నాడు బ్రోకరు మునిశేఖర్.

నా పక్కన మస్తాన్ భాయ్,
నా స్కూటీకి పదేళ్ళుగా వైద్యుడు.
మాటలు తక్కువ.
జేబులోంచి ఫ్రిజ్జు బొమ్మ అయస్కాంతం తీసి
తలుపులకీ బానెట్‌కీ అంటించుకుంటా పోయినాడు.
ఎడమ వెనక రెక్క కాడ అది జారి పడింది.
"పుట్టీ."

ఆయిలు కడ్డీ నన్నే తియ్యమని సైగ.
తీసి వెలుతురుకి పట్టుకున్నా, అలవాటైన చెయ్యి.
నల్లగా, చిక్కగా, ఏమీ చెప్పకుండా ఉంది.
మూడునెలల గుట్టు విప్పే పరీక్ష రక్తానికుంది,
నూనెకి కూడా ఉండుంటే!

మీటరు యాభైరెండు వేలంటోంది.
క్లచ్ పెడల్ రబ్బరు అరిగి, ఇనుము పైకొచ్చి
కాదంటోంది.

అప్పుడు మస్తాన్ భాయ్ వెనకసీట్లో కూర్చుని
తల వాల్చినాడు, బస్సులో నిద్రపోయేటోడిలా.
లేచి, తల ఆనే దిండు పీకి
నా ముక్కుకాడ పెట్టినాడు.

చందనం.

కుట్లలో, నురగలో,
ఎన్ని షాంపూలు పెట్టినా వదలని పచ్చటి చందనం.
పైకప్పు గుడ్డకి కూడా, లేత గుండ్రాలుగా,
పొడుగాటోళ్ళ గుండ్లు తగిలిన చోటల్లా.

"ఏమబ్బా, మీ డాక్టరు గుండు కొట్టించే పళ్ళు పీకతాడా?"
మునిశేఖర్ మోగని ఫోను ఎత్తినాడు.

స్టేషన్ నుంచి కొండకి, కొండ దిగి కాళహస్తికి,
బోర్డు లేని టాక్సీ.
ఎన్ని వంపులు, ఎన్ని వాంతులు, ఎంతమంది మొక్కులు
దీని రెండో గేరు మీద పైకెక్కినాయో.
నడిపి చూస్తే ఆ ఒక్క గేరులోనే సన్నగా ఏడుస్తాది.
మిగతా నాలుగింట్లో నోరెత్తదు.

బ్రేకులు, క్లచ్ ప్లేటు, గేరు పని, కింద బుష్షులు.
అగ్గిపెట్టె అట్ట మీద మస్తాన్ భాయ్ లెక్క నలభై ఒక్క వేలు.
అబద్ధానికి ఇంకో తొమ్మిది, అది నేను కలిపినా.

"కొండెక్కిన బండక్కా, పుణ్యం" అన్నాడు మునిశేఖర్.
పుణ్యం ఎక్కినోళ్ళు తీసకపోయినారు నాయనా,
అరుగుదల దీనికి మిగిలింది.

పెట్టె వెనకసీట్లో పెట్టి బెల్టు బిగించినా.
మంగళం మలుపులో కావాలనే సడన్‌గా బ్రేకు తొక్కి
వెనక్కి చూసినా.
మూత కూడా కదల్లేదు.

తిరిగొచ్చేసరికి యాభై కాడ నేను, ముప్పై కాడ మునిశేఖర్.
తలుపు తీసి వాడు గొణిగినాడు,
"సీటంతా తడిపేసినారే!"

"తడి గుండ్లు మోసిందిలే, దానికి అలవాటే."
ఆ పూట మస్తాన్ భాయ్ రెండో మాట.